కదలకుండా పట్టుకునే విద్య

2005 వేసవి. కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డునున్న లా హోయా. అక్కడ ఒక ఫ్లాటు హాల్లో ఇద్దరు నడివయసు మనుషులు కూర్చుని మైక్రోస్కోపు బిగిస్తున్నారు. ఫ్లాటు హెరాల్డ్ హెస్‌ది. రెండో మనిషి ఎరిక్ బెట్జిగ్. ఇద్దరూ ఒకప్పుడు న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కలిసి పనిచేసినవాళ్లే. ఇప్పుడు ఇద్దరికీ ఉద్యోగం లేదు. వెనక యూనివర్సిటీ లేదు, గ్రాంటు లేదు. చెరో 25 వేల డాలర్లు సొంత డబ్బు పెట్టుకున్నారు. బెల్ ల్యాబ్స్ రోజుల నాటి పాత సామాను మూలనపడి ఉంటే దుమ్ము దులిపి తెచ్చుకున్నారు.

బెట్జిగ్ కథ మరీ విచిత్రం. బెల్ ల్యాబ్స్‌లో మైక్రోస్కోపుల మీద మంచి పేరు తెచ్చుకుని, ఆ పని మీదే విసుగెత్తి 1990ల మధ్యలో మానేశాడు. కొన్నాళ్లు ఇంట్లో పిల్లల్ని చూసుకున్నాడు. తర్వాత మిషిగన్‌లో తండ్రి నడిపే యంత్రాల కంపెనీలో చేరాడు. అక్కడ టన్నుల బరువును అమిత వేగంతో కదిలించి, సరిగ్గా అయిదారు మైక్రాన్ల తేడాలో నిలబెట్టే హైడ్రాలిక్ యంత్రం ఒకటి తయారుచేశాడు. రెండంటే రెండే అమ్ముడుపోయాయి. వ్యాపారం తన వల్ల కాదని తేలిపోయి మళ్లీ సైన్సు దారి పట్టాడు. ఆ హాల్లో బిగించిన పరికరమే 2014లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ తెచ్చిపెట్టింది. మరో ఇద్దరితో కలిసి పంచుకున్నాడు. ఆ ఇద్దరిలో ఫ్లాటు ఓనరు లేడు.

పరికరం ఇంట్లో కట్టుకోవాల్సిన ఖర్మ ఎందుకంటే, వాళ్లకు కావలసింది ఏ కంపెనీ కేటలాగులోనూ లేదు. 1873లో జర్మనీలో ఎర్నెస్ట్ అబ్బే అనే ఆయన లెక్క కట్టి ఒక గీత గీశాడు. కాంతి తరంగం పొడవులో దాదాపు సగం కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని ఏ అద్దమూ విడదీసి చూపలేదు. అంటే సుమారు 200 నానోమీటర్లు. కణంలో అసలు కథంతా నడిచేది ఆ గీతకు దిగువనే. లెన్సులు ఎంత బాగా అరగదీసినా లాభం లేదు.

తిరునాళ్ల రాత్రి కొండమీంచి దూరపు ఊరిని చూసినవాళ్లకు బెట్జిగ్, హెస్ ఉపాయం వెంటనే తెలిసిపోతుంది. దీపాలన్నీ ఒకేసారి వెలుగుతుంటే కనిపించేది ఒక వెలుగు ముద్ద. అదే ఒక్కో దీపాన్నే వెలిగించి ఆర్పుతూ పోతే? ఒంటరి దీపం మసగ్గానే కనబడుతుంది, కానీ ఆ మసక మచ్చకు నడిమధ్య ఎక్కడో చెప్పడం తేలిక. ఆ చోట కాగితం మీద చుక్క పెట్టి, మరో దీపం వెలిగించాలి. వేలసార్లు ఇలా చేస్తే కాగితం మీద ఊరి పటం వస్తుంది. ప్రొటీన్లను అలా కొన్ని కొన్నిగా వెలిగించడానికి ఒక పదార్థం కావాలి. ఊదారంగు కాంతి పడేదాకా వెలగని ఆకుపచ్చ ప్రొటీన్ ఒకటి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో అప్పటికే ఉంది. జార్జ్ ప్యాటర్సన్, జెన్నిఫర్ లిపిన్‌కాట్ ష్వార్జ్ 2002లోనే దాన్ని తయారుచేశారు. దాని సంగతి ఈ మిత్రులకు ఫ్లోరిడాలో ఒక ల్యాబుకు వెళ్లినప్పుడు తెలిసింది. మిగిలింది బిగింపు పనే.

ఆ బిగింపు పనిని చిన్నచూపు చూడ్డానికి లేదు. తొలి ఫొటోలు ఒక్కోదానికి రెండు గంటల నుంచి పన్నెండు గంటలు పట్టింది. అంతసేపూ ప్రొటీన్ చుక్కల జాగా 20 నానోమీటర్ల తేడాలో తేలాలి. పది సెంటీమీటర్ల అల్యూమినియం ముక్క ఒక్క డిగ్రీ వేడెక్కితే 2,300 నానోమీటర్లు సాగుతుంది. అంటే గదిలో ఏసీ ఒకసారి ఆగి మళ్లీ మొదలైతే చాలు, చూస్తున్న వస్తువు ఊరు దాటి పోయినట్టే. ల్యాబుల్లో దీన్ని డ్రిఫ్ట్ అంటారు. మైక్రోస్కోపు కట్టేవాళ్లు ఎక్కువగా తిట్టుకునే మాట ఇదేనేమో. డ్రిఫ్ట్‌ను పూర్తిగా ఆపలేక, స్లైడు మీద సన్నటి బంగారు రేణువులు చల్లి, అవి ఎటు జరిగితే బొమ్మనంతా అటు సర్దుతూ వచ్చారు. గాలికి ఊగే పడవలోంచి ఒడ్డున కొబ్బరిచెట్టును గురిపెట్టుకున్నట్టు.

ఈ కాలమ్ రాసే ఆయనకు డ్రిఫ్ట్ అనే మాట తెలియకముందే దాని దెబ్బ తెలుసు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. బీరువాలో తాళం వేసి దాచే ఏకైక మైక్రోస్కోపును ఏడాదికి ఒకసారి కిటికీ పక్క బల్ల మీదికి తెచ్చేవారు. ఉల్లిపొర, గ్లిజరిన్ చుక్క, పైన కవర్‌స్లిప్. కింది అద్దాన్ని తిప్పి ఎండను పట్టాలి. వెనక నలభై మంది తోపులాట, ఒంటికాలి మీద నిలబడ్డట్టు ఊగే బల్ల. గళ్లు గళ్లుగా ఏదో కనబడీ కనబడగానే బల్ల అదిరింది, గళ్లు మాయం. తిరిగి పట్టుకుందామని పెద్ద మర తిప్పాడు. లెన్సు దిగి కవర్‌స్లిప్ పుటుక్కుమంది. సైన్సు మాస్టారు చెవి మెలేసిన చోటు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు అర్థమైందొకటే. భూతద్దం ఉల్లిపొరతో పాటు బల్ల వణుకునూ అంతే నిజాయితీగా పెద్దది చేసి చూపిస్తుంది.

అందుకే పాతకాలపు సొంత తయారీ మైక్రోస్కోపుల్లో లెన్సు కన్నా పట్టు ఎలా ఇచ్చారన్నదే ఈయన ముందు చూస్తాడు. 17వ శతాబ్దంలో డచ్చి పట్టణం డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ అయితే సమస్యను మొదట్లోనే తెగ్గొట్టేశాడు. రెండు ఇత్తడి రేకుల మధ్య పూసంత గాజు లెన్సు, వెనక సూదిమొన, సూదిని జరపడానికి మరలు. సూదికి వస్తువును అంటించాక చాలాసార్లు దాన్ని అలాగే వదిలేసేవాడు. ఇంకో వస్తువు చూడాలనుకుంటే ఇంకో మైక్రోస్కోపు చేసుకునేవాడు. అలా వందల కొద్దీ చేశాడు. ఆయన చేతివని నిర్ధారణ అయినవి నేడు పది చిల్లర మిగిలాయి. వాటిలో మేటిది ఒక్క లెన్సుతోనే దాదాపు 270 రెట్లు పెద్దది చేస్తుంది. లెన్సును ఎలా తయారుచేసేవాడో బతికున్నన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మన ఊళ్లలో కొందరు నాటువైద్యులు మందు చెప్పనట్టే.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని జెరికో అనే పల్లెలో విల్సన్ బెంట్లీ అనే రైతు కుర్రాడు పడ్డ పాట్లు మరో రకం. వాళ్లమ్మ ఇచ్చిన మైక్రోస్కోపులో మంచు రేకులు చూసి మోజుపడ్డాడు. బొమ్మ గీద్దామంటే గీసేలోపే రేకు కరిగిపోయేది. చివరికి గాలితిత్తిలా సాగే కెమెరాకు మైక్రోస్కోపు తగిలించి, 1885 జనవరి 15న మంచు రేకు ఫొటో తీశాడు. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు.

ఆ పరికరంతో తిప్పలేమిటంటే, కెమెరా వెనక గరుకు అద్దం మీద బొమ్మ చూస్తూ నిలబడితే, ముందున్న మైక్రోస్కోపు ఫోకస్ మరకు చెయ్యి అందదు. మర దగ్గరికి వెళ్తే బొమ్మ కనబడదు. బెంట్లీ కొయ్య చక్రాలు చెక్కి, వాటికి దారం చుట్టి, కెమెరా వెనక నిలబడే మర తిప్పేట్టు అమర్చుకున్నాడు. బావి గిలకను కాస్త చిన్నది చేసినట్టు. వేడి లేని కొట్టంలో, చేతులు కొంకర్లు పోతుంటే, నల్లటి పలక మీద పడ్డ రేకును పుల్లతో ఎత్తి గాజు మీద పెట్టేవాడు. పక్షి ఈకతో మెల్లగా అదిమేవాడు. ఊపిరి బిగపట్టేవాడు, ఎందుకంటే ఒక్క నిట్టూర్పుతో రేకు నీటిబొట్టయిపోతుంది. 1931లో చనిపోయేనాటికి 5,000 పైచిలుకు ఫొటోలు తీశాడు.

ఆ దారం, ఆ చక్రాలకు ఈనాటి రూపం చూడాలంటే నేథన్ మిర్వోల్డ్ కెమెరాను చూడాలి. మైక్రోసాఫ్ట్‌లో పెద్ద హోదాలో చేసి వచ్చిన ఈయన మంచు రేకుల కోసం ఏడాదిన్నర కష్టపడి ఒక యంత్రం కట్టించాడు. చలికి ముడుచుకోకుండా చట్రం కార్బన్ ఫైబర్‌తో చేశారు. మామూలు గాజు వేడిని పట్టి ఉంచి రేకును కరిగిస్తుందని దాని బదులు నీలమణి జాతి పలక పెట్టారు. సెకనులో పది లక్షల వంతు మెరిసే ఎల్‌ఈడీ దీపాలు తగిలించారు. డబ్బున్న మారాజు గనక నీలమణి తెచ్చాడు. ఆ రైతు కుర్రాడి దగ్గర ఈకే ఉంది, దాంతోనే కానిచ్చాడు. ఇద్దరిలో ఎవరిది గొప్ప పనితనమని అడిగితే, ఈ కాలమిస్టు మొహమాటం లేకుండా ఈక వైపే చెయ్యెత్తుతాడు.

అలాంటి పనితనానికి మనవైపు నుంచీ ఒక సాక్ష్యం ఉంది. సికింద్రాబాద్ బేగంపేటలో 1897 ఆగస్టు. మిలిటరీ డాక్టరు రొనాల్డ్ రాస్ దోమల్ని కోసి పొట్టలు వెతుకుతున్నాడు. నుదుటి నుంచీ చేతుల నుంచీ కారే చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క ఐపీసూ పగుళ్లిచ్చింది. ఉక్కపోతకు పంకా వేయించుకుందామా అంటే కోసిపెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి. కళ్లచుట్టూ ముసిరే చిన్న ఈగలు ఒకపక్క. ఆ స్థితిలోనే ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కణాలు పట్టుబడ్డాయి. బేగంపేటలోని ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద రాస్ పేరుతోనే ఉంది.

ఆ చెమటకు తుప్పు పట్టిన మరల సంగతి తలుచుకుంటే ఇంకో పరికరం గుర్తొస్తుంది. బ్రిటన్‌లో రిచర్డ్ బోమన్ బృందం రూపొందించిన ఓపెన్‌ఫ్లెక్షర్. 3డీ ప్రింటర్‌లో ప్లాస్టిక్‌తో అచ్చు తీసే మైక్రోస్కోపు. చిత్రమేమిటంటే, స్లైడును జరిపే భాగంలో ఒకదాని మీద ఒకటి జారే ముక్కలుండవు. షాంపూ సీసా మూత గుర్తుందా? మూతకూ సీసాకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, వందలసార్లు వంగినా విరగదు. అలాంటి పట్టీలే స్లైడు వేదికను మోస్తాయి. మర తిప్పితే పట్టీ వంగుతుంది, వేదిక 100 నానోమీటర్ల లోపు అడుగులు వేస్తుంది. రాపిడి లేదు, ఆయిల్ వేయక్కర్లేదు. 2016లో వాళ్లు కొలిచి చూస్తే, రోజుల తరబడి వదిలేసినా ఈ ప్లాస్టిక్ ముక్క జరిగింది కొద్ది మైక్రాన్లే. నమూనాలు, కొలతలు అందరికీ ఉచితం. టాంజానియాలో అక్కడివాళ్లే వీటిని అచ్చు తీసి బిగించారు. ఇఫకారా హెల్త్ ఇన్‌స్టిట్యూట్‌లో రక్తపు చుక్కలో మలేరియా క్రిమిని వెతకడానికి వాడి చూశారు. రాస్ వెతికిన జాతి క్రిమే.

హెస్ సంగతి మధ్యలో వదిలేశాం. హాల్లో కట్టిన మైక్రోస్కోపును ప్రభుత్వ ల్యాబులోని చీకటి గదికి తరలించి, అక్కడ కణాల మీద పనిచేసి, 2006లో ఫలితాలు ప్రచురించారు. ఆ రోజుల్లోనే మిత్రులిద్దరూ వర్జీనియాలోని జనేలియా పరిశోధన కేంద్రంలో కుదురుకున్నారు. బహుమతి ప్రకటించిననాడు హెస్ పేరు లేకపోవడం పట్ల ఈ కాలమిస్టుకు ఇప్పటికీ కొంచెం చిరాకే. నోబెల్ నిబంధనలో ముగ్గురికి మించి చోటు లేదు, అది వేరే సంగతి. కానీ హెస్ తర్వాత చేపట్టిన పని చూస్తే, లా హోయా హాల్లో కట్టింది ఆయనకు ఒక మెట్టు మాత్రమేనని తెలుస్తుంది.

ఈసారి కాంతి బదులు ఎలక్ట్రాన్ కిరణం. మెదడు ముక్క పైపొరను ఫొటో తీయాలి, అయాన్ కిరణంతో ఆ పొరను కొన్ని నానోమీటర్ల మందాన చెక్కేయాలి, కింది పొరను ఫొటో తీయాలి. చెక్కిన పొర మళ్లీ రాదు. మార్కెట్లో దొరికే యంత్రాలు అప్పట్లో కొద్ది రోజులు నడిచాక మొరాయించేవి. మెదడు మొత్తానికి నెలలు కావాలి. హెస్, షాన్ షూ బృందం రెండు కిరణాలనూ తొంభై డిగ్రీల కోణంలో కొత్తగా అమర్చింది. యంత్రం నాడి క్షణక్షణం చూసే కట్టుదిట్టాలు చేసింది. గసగసాల గింజంత పండుఈగ మెదడులో సుమారు సగాన్ని 20 మైక్రాన్ల మందాన 13 పలకలుగా కోసి ఈ యంత్రాల్లో పెట్టారు. 2020లో దాదాపు 25 వేల నాడీకణాల తీగల పటం బయటికొచ్చింది.

వాళ్లకు అన్నిటికన్నా పెద్ద భయం మధ్యలో ఆగిపోవడం. కరెంటు కదిలినా, గది వేడి మారినా, కిరణం కాస్త తడబడినా, తిరిగి మొదలైన తొలి క్షణంలో పొర మందంగా లేచిపోవచ్చు. ఆ మందంలో ఉన్న సన్నతీగ ఒక పక్క కనబడి రెండో పక్క కనబడదు. ఏ కణం ఏ కణంతో మాట్లాడుతుందో చెప్పే ఆనవాలు ఆవిరైపోయినట్టే. అందుకని ఏ చిన్న తేడా పసిగట్టినా యంత్రం ముందు చెక్కడం ఆపేస్తుంది. అన్నీ మునుపటి స్థితికి వచ్చేదాకా ఎదురుచూస్తుంది. తర్వాత వదిలిన పొర దగ్గరే, ఏమీ జరగనట్టు, మళ్లీ కిరణం వేస్తుంది.