కొమరం భీము చలనచిత్రము - భాషౌచిత్యవిచారము

చరిత్రను దెరపైఁ జూపువారు వేషమును, స్థలమును, ఆయుధమును శ్రద్ధతో వెదకుదురు. పాత్రము పలుకు భాషను మాత్రము ప్రేక్షకుని సౌకర్యమునకు విడుతురు. ఇది యుచితమా యనుట విచార్యము.

అల్లాణి శ్రీధర్ దర్శకత్వమున 1990లో నిర్మింపఁబడి, రెండు నంది పురస్కారములు పొంది, 2010లోఁ బ్రదర్శనశాలలకు వచ్చిన "కొమరం భీమ్" చిత్రమున భూపాల్ రెడ్డి నాయకపాత్రము ధరించెను. ఆదిలాబాదు మన్యమున నిజాము ప్రభుత్వము నెదిర్చి 1940లో జోడేఘాట్ కడ నేలకొరిగిన గోండువీరుని కథ యిది. మఱవఁబడుచున్న వీరుని దెరకెక్కించుట శ్లాఘ్యమే. కాని చిత్రభాష ప్రధానముగాఁ దెలుఁగు. చాదర్‌ఘాట్‌లోఁ గూర్చుండి చూచువానికిఁ గథ సుబోధము. ఆ వీరుని జాతివారి గోండీ యెట్లుండునో వానికిఁ దెలియదు.

భీముని పేర వ్యాపించిన "జల్, జంగల్, జమీన్" అను నినాదమే చూడుఁడు. మొదటిది సంస్కృతభవము. రెండవది జాంగలశబ్దభవము, వైద్యశాస్త్రమున నది నీరును, చెట్లును దక్కువగల నేలకుఁ బేరు. మూఁడవది పారసీకము. ఒకటియు గోండీ గాదు. గోండీలో నీటిని "ఏర్" అందురు. అది మన "ఏఱు"నకుఁ దోఁబుట్టువు. నినాదము నగరమున కర్థమైనది. ఈ చుట్టఱికము మఱుగుపడినది.

గోండీలోఁ దీసినచో నెవరు చూతురని పూర్వపక్షము. దీనికి సమాధానము ఉత్తరయూరోపునఁ గలదు. అచటి యాదివాసులు సామీలు. ఆ జాతివాఁడే యగు నీల్స్ గౌప్ 1987లో "ఓఫెలాష్" అను చిత్రమును సామీభాషలోఁ దీసెను. అది ఆస్కార్ పరభాషాచిత్రవిభాగమునఁ దుదిజాబితా కెక్కెను. 1852నాఁటి కౌటోకేనో తిరుగుబాటును గూర్చి 2008లో నాతఁడే వెలువరించిన చిత్రమునను సామీలు తమ భాషనే పలుకుదురు. అన్యులకుఁ దెరయడుగున వ్రాసిన యనువాదము చాలినది. సామీ మాటలాడువారు లక్షకు లోపలివారే. గోండీ మాటలాడువారో, 2011 జనగణనమున 29 లక్షలకుఁ బైఁబడిరి.

మన లక్షణగ్రంథములకు నిది క్రొత్త గాదు. భరతుఁడు నాట్యమున శబరాదుల విభాషలకుఁ జోటిచ్చెను. వానిని హీనములనుట నేఁ డంగీకార్యము గాదు. పాత్రమునకుఁ దగిన భాష యుండవలెననుట మాత్రము నేఁటికిని గ్రాహ్యమే.

కావున నిఁకమీఁద భీముని చరిత్రమును దీయువారు గోండులు తమలోఁ దాము పలుకునపుడు గోండీని, అధికారులు పలుకునపుడు ఉర్దూను, తెలుఁగువారితోడి ప్రసంగమునఁ దెలుఁగును నుంచుట యుక్తము. అపుడుగాని నీటికై, నేలకై పోరాడినవారు వానిని దమ యింట నేమని పిలిచిరో లోకమునకు వినఁబడదు.