అటక మీది టీవీ గేమ్: పాత యంత్రాలను కాపాడే విద్య

సంజామల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాల్లో 1990లలో పెరిగినవాళ్లను మొట్టమొదట ముట్టుకున్న కంప్యూటర్ ఏదని అడిగితే, చాలామంది నెట్ సెంటర్‌నో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌నో తలచుకుంటారు. వాళ్లలో ఎందరి చేతికో అంతకు ముందే కంప్యూటర్ అందింది. టీవీకి వైరు తగిలించి, గేమ్ క్యాసెట్ గుచ్చి, మారియోను పరుగెత్తించిన ప్లాస్టిక్ పెట్టెలో ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది, ప్రోగ్రాం ఉంది. ఇప్పుడా పెట్టెలు అటకల మీద, పాత సామాన్లు కొనేవాళ్ల బస్తాల్లో పడి ఉన్నాయి. అలాంటివాటిని వెదికి, బాగుచేసి, వాటి కథ రాసిపెట్టడం ప్రపంచంలో చాలాచోట్ల ఒక విద్యగా ఎదిగింది. అది మన సీమకూ రావాలి. వచ్చి, మన యంత్రాలకు తగ్గట్టు మారాలి.

ఎక్కడినుంచి వచ్చాయి?

తెలుగు నేలకు కంప్యూటర్ ఆలస్యంగా ఏమీ రాలేదు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1967లో మొదలైంది. దాని తొలి సారథి ఎ.ఎస్. రావు. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్ 1969లో ఈసీఐఎల్ నుంచే బయటికి వచ్చింది. అదే సంస్థ తయారుచేసిన ఈసీ టీవీలు తర్వాత ఎన్నో ఇళ్లలో వెలిగాయి. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద తొలి విడతగా దేశంలో 250 పాఠశాలలను ఎంచుకుని బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రోలు ఇచ్చింది. క్లైవ్ సింక్లెయిర్ 1982లో విడుదల చేసిన స్పెక్ట్రమ్‌ను డెసిబెల్స్ అనే మన దేశపు సంస్థ ఇక్కడ అమ్మింది. టీవీనే తెరగా చేసుకుని, టేప్ రికార్డర్ నుంచి ప్రోగ్రాం ఎక్కించుకునే ఇంటి కంప్యూటర్ అది. పట్నాల్లో కలిగిన కుటుంబాల దగ్గరే అది ఆగిపోయింది.

పల్లెకు వచ్చిన కంప్యూటర్ దారి వేరు. నింటెండో 1983 జులైలో జపాన్‌లో ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని తెచ్చింది. దానికి తైవాన్, చైనాల్లో నకళ్లు పుట్టాయి. అసలు యంత్రంలో వేర్వేరుగా ఉన్న చిప్‌ల పనినంతా క్రమంగా ఒకే చిప్‌లో ఇమిడ్చేశారు. ధర పడిపోయింది. లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ వంటి పేర్లతో ఆ కుటుంబపు యంత్రాలు మన బజార్లకు చేరాయి. సంజామల స్టేషన్‌కు ప్రయాణికుల రైలు వచ్చింది 2016లో. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట అంతకు ఎంతో ముందే బస్సెక్కి ఈ పల్లెలకు వచ్చేశాయి. కొన్నవాళ్లు కొన్నారు, తక్కినవాళ్లు గంట లెక్కన అద్దె ఇచ్చి ఆడారు.

అమెరికాలోనో జపాన్‌లోనో సేకరించేవాళ్లు అసలు కంపెనీ సరుకు కోసం, చెక్కుచెదరని అట్టపెట్టె కోసం వెదుకుతారు. వాళ్ల యంత్రాల పుట్టుపూర్వోత్తరాలు కంపెనీ కాగితాల్లో, పత్రికల్లో భద్రంగా ఉన్నాయి. మన నకళ్లలో చాలావాటి మీద తయారీదారు పేరు కూడా కనబడదు. ఆ పెట్టె, దాన్ని బాగుచేసిన మెకానిక్ చేతి గుర్తులు, ఆడినవాళ్ల జ్ఞాపకం, ఈ మూడూ కలిస్తేనే మనకు చరిత్ర. మన దగ్గర ఈ పనిచేసేవాళ్లు మూడింటినీ కలిపి కాపాడాలి.

పెట్టెను మేల్కొలపడం

దొరికిన వెంటనే కరెంటు ఇవ్వకూడదు. ముందు అడాప్టర్ చూడాలి. అసలు ఫామికామ్‌లో పిన్ను లోపలి భాగం నెగటివ్, బయటిది పాజిటివ్. ఇప్పుడు దొరికే అడాప్టర్లలో ఎక్కువ దీనికి తలకిందులు. నకళ్లలో రెండు రకాలూ ఉండవచ్చు. అందుకే పెట్టె లోపలి బోర్డు చూసి, మల్టీమీటర్‌తో అడాప్టర్‌ను కొలిచి, రెండూ సరిపోతేనే తగిలించాలి. ఎక్కువ పెట్టెల్లో 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉంటుంది. వచ్చిన తొమ్మిది వోల్టులను అది ఐదుకు దించి చిప్‌కు ఇస్తుంది. అది ఐదే ఇస్తోందా లేదా చూడాలి. కెపాసిటర్ ఉబ్బితే, కింద జిగురులాంటిది కారితే మార్చాలి. ఇలాంటి విడిభాగాలు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇప్పటికీ దొరుకుతాయి.

గేమ్ క్యాసెట్ పనిచేయకపోతే మనమంతా నోటితో ఊదేవాళ్లం. ఆ అలవాటు మానాలి. ఊపిరిలోని తేమ రాగి పట్టీలను తినేస్తుంది. ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిస్తే ఎక్కువ క్యాసెట్లు తేరుకుంటాయి. మొండి మురికికి మెత్తటి రబ్బరుతో ఒకసారి తేలిగ్గా రుద్దితే చాలు. ఆట ఆడే రిమోట్‌లో బటన్ నొక్కినా పలకకపోతే విప్పి, బటన్ కింది నల్లటి కార్బన్ రబ్బరునూ అది తాకే బోర్డునూ అలాగే శుభ్రం చేయాలి.

చవక క్యాసెట్ విప్పితే బోర్డు మీద నల్లటి చుక్కలా గట్టిపడిన పూత కనిపిస్తుంది. దాని కింద చిప్ నేరుగా బోర్డుకు అతికించి ఉంటుంది. అది చెడితే బాగుచేసే మార్గం లేదు. అందుకే క్యాసెట్ బతికుండగానే రీడర్ పరికరంతో అందులోని ప్రోగ్రాంను చదివి కంప్యూటర్‌లో దాచుకోవాలి. స్పెక్ట్రమ్ టేపులకూ ఇదే సూత్రం: ప్లేయర్ హెడ్ శుభ్రం చేసి, దాని వాలు సరిచేసి, టేపులోని కీచుశబ్దాన్ని యథాతథంగా రికార్డు చేయాలి. ఆ శబ్దమే ప్రోగ్రాం.

తుపాకీతో బాతులను కొట్టే ఆటకు పాత డబ్బా టీవీ తప్పనిసరి. ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరుస్తుంది. తుపాకీలోని సెన్సర్ ఆ మెరుపును పట్టుకుంటుంది. ఎల్‌సీడీ తెర బొమ్మను ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి గురి అందదు. అలాంటి టీవీని ఒక్కటైనా ఉంచుకోవాలి. దాన్ని విప్పే పని మాత్రం అనుభవమున్న మెకానిక్‌కే వదలాలి. ప్లగ్గు తీసేశాక కూడా పిక్చర్ ట్యూబులో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండవచ్చు.

మన ఎండకు, మన దుమ్ముకు

నంద్యాల వేసవి నలభై డిగ్రీలు దాటుతుంది. మిద్దె కింది అటక ఇంట్లోకెల్లా వేడి చోటు. యంత్రాన్ని అక్కడినుంచి దించి, గోడ బీరువాలో కింది అరలో, గుడ్డలో చుట్టి పెట్టాలి. బ్యాటరీలు తీసేయాలి. వైరుకు రబ్బరు బ్యాండు వేయకూడదు, అది కరిగి అతుక్కుంటుంది. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచే పద్ధతి ఒకటి విదేశాల్లో బాగా వాడుకలో ఉంది. మన పెట్టెలకు అది వద్దంటాను. పసుపు మళ్లీ తిరిగి రావచ్చు. పైగా మెకానిక్ వేసిన టంకం, అతికించిన ఇన్సులేషన్ టేపు, వేరే రిమోట్ నుంచి తెచ్చి పెట్టిన బటన్ ఈ ఊరి పనితనానికి సాక్ష్యాలు. ప్రమాదం లేనంతవరకు వాటిని ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి.

ప్రతి యంత్రానికీ ఒక చీటీ కట్టాలి. ఎవరు కొన్నారు, ఎక్కడ, సుమారు ఏ ఏడు, ఏ టీవీకి తగిలించారు, ఎవరు బాగుచేశారు, ఏ ఆటలు ఆడారు అన్నవి అందులో ఉండాలి. ఆ తర్వాత ఆడినవాళ్ల మాటలు వాళ్ల యాసలోనే ఫోన్‌లో రికార్డు చేయాలి. కాంట్రాలో 30 లైఫులు తెచ్చే బటన్ల వరస ఇందుకు మంచి ఉదాహరణ. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, ఆపైన బీ, ఏ. కొనామీ అనే ఆటల కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమోతో మరో ఆట కోసం కూర్చిన వరస అది. గేమింగ్ పత్రికలు చేరని పల్లెల్లో కూడా పిల్లలు దాన్ని ఒకరి నోట ఒకరు నేర్చుకున్నారు. ఇది మౌఖిక సంప్రదాయమే. నేర్పినవాళ్లు బతికుండగానే రాసిపెట్టుకోవాలి.

ఎందుకింత శ్రమ?

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. అక్కడ 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో దొరకడం లేదని అది తేల్చింది. కంపెనీలు, మ్యూజియంలు, చట్టాలు ఉన్నచోటే అంత నష్టమైతే, పేరులేని నకళ్ల సంగతి పట్టించుకునేదెవరు?

ఇంకో లాభం చదువుకు సంబంధించింది. ఇవాళ్టి ఫోన్ విప్పినా పిల్లలకు ఏదీ అంతుపట్టదు. పాత టీవీ గేమ్ విప్పితే కరెంటు ఎక్కడ లోపలికి వస్తుందో, ఎక్కడ ఐదు వోల్టులవుతుందో వేలుపెట్టి చూపించవచ్చు. సూపర్ మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. అంత చోటులో సర్దడానికి మేఘానికీ పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. పొదుపుగా ఆలోచించడమంటే ఏమిటో ఆ ఒక్క ఉదాహరణతో పదో తరగతి పిల్లలకు బోధపడుతుంది.

అందుకే ఈ పని పెద్ద నగరపు మ్యూజియం కోసం ఆగనక్కర్లేదు. మండలంలోని ఏ హైస్కూల్ సైన్స్ గదిలోనైనా ఒక బల్ల, ఒక డబ్బా టీవీ, ఒక మల్టీమీటర్, ఒక నోటుపుస్తకం ఉంటే మొదలుపెట్టవచ్చు. ఊళ్లోని పాత టీవీ మెకానిక్‌ను గురువుగా పిలవాలి. ఆయనకు తెలిసినదంతా ఆయన చేతుల్లోనే ఉంది, ఏ పుస్తకానికీ ఎక్కలేదు. పాత సామాన్ల బండి ఎదురైతే ఆపి, బస్తాలో ఏముందో ఒకసారి అడగండి. మన పిల్లలకు కంప్యూటర్‌ను తొలిసారి పరిచయం చేసిన యంత్రాలకు ఆ మాత్రం గౌరవం మనమే ఇవ్వాలి.