డెల్ఫీ పద్ధతిలో ఏకాభిప్రాయం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఏదైనా సమస్యపై తగినంత దత్తాంశం దొరకనప్పుడు పరిశోధకులు నిపుణుల అభిప్రాయాన్ని ఆశ్రయిస్తారు. నిపుణులందరినీ ఒకచోట కూర్చోబెడితే ఏం జరుగుతుందో మీకు అనుభవమే. హోదాలో పెద్దవారు ముందు మాట్లాడతారు, మిగిలినవారు తలూపుతారు. ఈ చిక్కును తప్పించడానికి రూపొందినదే డెల్ఫీ పద్ధతి. ఇందులో ఎవరు ఏ జవాబు ఇచ్చారో తోటి నిపుణులకు తెలియదు. పరిశోధకుడు ప్రశ్నావళి పంపి, వచ్చిన జవాబుల మధ్యగతాన్ని, వ్యాప్తిని లెక్కకట్టి, కారణాల సారాంశంతో సహా తిరిగి వారికే పంపుతాడు. వారు తమ జవాబును మార్చుకోవచ్చు, అలాగే ఉంచవచ్చు. ఇలా కొన్ని విడతలు సాగుతుంది.

పద్ధతి అర్థమైంది కదా! ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. చివరి విడతలో జవాబులు దగ్గరపడితే, నిపుణులు ఏకీభవించినట్లేనా?

తొలి ప్రయోగం ఏం చెబుతుంది?

అమెరికాలోని రాండ్ కార్పొరేషన్‌లో నార్మన్ డాల్కీ, ఒలాఫ్ హెల్మర్ 1951లో ఈ పద్ధతిని ప్రయోగించారు. రక్షణ రహస్యాల కారణంగా ఆ వివరాలు 1963లో గాని ప్రచురణకు నోచుకోలేదు. 7 మంది నిపుణులను వారు అడిగిన ప్రశ్న ఇది: సోవియట్ యుద్ధ వ్యూహకర్త దృష్టితో చూస్తే, అమెరికా ఆయుధ ఉత్పత్తిని ఒక నిర్ణీత మేరకు తగ్గించడానికి ఎన్ని అణుబాంబులు కావాలి? మొదటి అంచనాలు 50 నుంచి 5,000 వరకు ఉన్నాయి. 5 విడతల తరువాత తేలిన అంచనాలు 167 నుంచి 360 మధ్యకు వచ్చాయి.

వ్యాప్తి ఇంతగా తగ్గడం ఆకట్టుకునే ఫలితమే. అయితే గమనించండి. అసలు జవాబు ఎంతో సరిచూసే మార్గం ఎవరికీ లేదు. ఆ ప్రయోగం చూపింది దగ్గరపడటాన్నే గాని, నిజానికి చేరువ కావడాన్ని కాదు. తాము ఎంచి అందించిన సమాచారం నిపుణులను కొంతవరకు ఒకవైపు నడిపించి ఉంటుందని ఆ పరిశోధకులే అంగీకరించారు.

1974లో హెరాల్డ్ సాక్‌మన్ ఈ పద్ధతిపై తీవ్రమైన విమర్శ చేశారు. దాన్ని ప్రచురించింది కూడా రాండ్ సంస్థే. మరుసటి ఏడాది షైబె, స్కుట్ష్, షోఫర్ తమ ప్రయోగాన్ని వెల్లడించారు. వారు బృంద ఫలితమంటూ కావాలనే తప్పుడు అంకెలను తిప్పి పంపితే, తరువాతి విడతలో జవాబులు ఆ తప్పుడు అంకెల వైపే జరిగాయి. పెద్దమనిషి గదిలో లేకపోయినా, ఆయన కుర్చీలో మధ్యగతం కూర్చోగలదని దీని భావం.

నా అనుభవం

కొన్నేళ్ల కిందట నేనూ ఒక డెల్ఫీ బృందంలో సభ్యుణ్ణి. దూరవిద్య విద్యార్థులకు పది రోజుల క్షేత్రపర్యటన తప్పనిసరి చేయాలా అన్నది అందులో ఒక అంశం. 9 పాయింట్ల మాపనిపై నేను 2 వేశాను. కూలికో, దుకాణంలో కొలువుకో వెళ్తూ చదువుకునేవారు పది రోజుల సంపాదన వదులుకోలేరన్నది నా కారణం. బృందం మధ్యగతం 7 వచ్చింది. 7కు దగ్గరగా ఉన్నవారు ఏమీ రాయనక్కరలేదు; దూరంగా ఉన్నవారే కారణం రాయాలి. నేను అరపేజీ రాశాను. సారాంశంలో అది ‘ఆచరణలో కొన్ని ఇబ్బందులు’ అన్న మూడు ముక్కలుగా మిగిలింది. మూడో విడతలో మళ్లీ అదంతా రాసే ఓపిక లేక 6 వేసి పంపేశాను.

నా అభిప్రాయం మారలేదు, అంకె మారింది. నివేదికలో ఆ అంశం ‘ఏకాభిప్రాయం కుదిరినవి’ అన్న జాబితాలో చేరింది. తప్పంతా పద్ధతిదే అనను, నాది కూడా. పేరు బయటికి రాదు కాబట్టి ఎందుకు మార్చావని నన్ను అడిగేవారు లేకపోయారు. మొహమాటం నుంచి కాపాడే గోప్యతే బాధ్యత నుంచి కూడా తప్పిస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

ఏకాభిప్రాయానికి కొలత ఏది?

100 డెల్ఫీ అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష 2014లో వెలువడింది. వాటిలో 98 ఏకాభిప్రాయాన్ని అంచనా వేయాలనుకున్నవే. కాని ఏకాభిప్రాయమంటే ఏమిటో నిర్వచించినవి 72 మాత్రమే. ఎక్కువగా వాడిన కొలత, ఏకీభవించినవారి శాతం. ఈ గీతను జవాబులు చూశాక గీస్తే, ఏ ఫలితాన్నైనా ఏకాభిప్రాయమని చూపవచ్చు.

మరి ఈ పద్ధతిని వదిలేయాలా? అక్కరలేదు. దూరదూరంగా ఉన్న నిపుణులను తక్కువ ఖర్చుతో, నిర్భయంగా మాట్లాడించే సాధనం ఇది. 1970లో మరీ టురాఫ్ ప్రతిపాదించిన ‘విధాన డెల్ఫీ’ ఏకాభిప్రాయాన్ని లక్ష్యంగా పెట్టుకోలేదు; భిన్నాభిప్రాయాలను, వాటి వెనుక కారణాలను వెలికితీయడమే దాని పని. నిపుణులు నిజంగా విడిపోయి ఉన్నప్పుడు, ఆ సంగతి చెప్పడం కూడా పరిశోధన ఫలితమే.

మీరు డెల్ఫీ నివేదిక చదివినా, స్వయంగా చేపట్టినా ఈ నాలుగూ అడగండి. నిపుణులను ఏ ప్రాతిపదికన ఎంచారు? ఏకాభిప్రాయపు హద్దును ముందే ప్రకటించారా? మధ్యలో మానేసినవారు మొదట ఏం చెప్పారు? జవాబు మార్చుకున్నవారు ఏ కారణం చూసి మార్చుకున్నారు? నాలుగో ప్రశ్నకు జవాబు లేని నివేదికలో అంకెలు దగ్గరపడి ఉండవచ్చు గాని, మనుషులు ఒప్పుకున్నారని చెప్పలేం.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పైన చెప్పిన క్షేత్రపర్యటన అధ్యయనం మీ చేతిలో ఉంటే, 2 వేసిన సభ్యుని కారణాన్ని తరువాతి విడతలో మిగిలినవారి ముందు ఎలా ఉంచుతారు? పది వాక్యాల్లో రాయండి.