దాసుడా? కుమారుడా? : తప్పిపోయిన కుమారుని ఉపమానంపై ఒక క్రైస్తవ వ్యాఖ్యానం - పరిశీలన

క్రైస్తవ మిత్రులతో ధర్మ విషయాలు ముచ్చటించే అవకాశం కలిగిన ప్రతి ముస్లిమూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినే ఉంటాడు: మీరు దేవునికి దాసులు, మేము ఆయన బిడ్డలం, దాసుడు పనిచేసి జీతం తీసుకుంటాడు, బిడ్డకు అడగకుండానే అన్నీ దక్కుతాయి. ఈ మాట అనేవారిలో చాలామంది మనల్ని కించపరచాలని అనరు. తమ విశ్వాసంలో తమకు అన్నిటికన్నా తీయగా తోచిన అంశాన్ని మన ముందు పెడతారు. అందుచేత దీనికి తొందరపాటు జవాబు తగదు. దేవునికి భార్యాబిడ్డలేమిటని ఒక్క మాటతో తేల్చివేస్తే వాదంలో మనం నెగ్గినట్లే కనిపించవచ్చు. కాని వారు నిజంగా అడిగిన ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ఆ ప్రశ్న ఇది: మీ దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తాడా?

ఈ విషయాన్ని పరిశీలించడానికి ఒక గ్రంథాన్ని ఆధారంగా తీసుకుంటున్నాం. అమెరికాకు చెందిన కెన్నెత్ బెయిలీ (1930-2016) ఈజిప్టు, లెబనాన్, జెరూసలేం, సైప్రస్‌లలో దశాబ్దాల పాటు నివసించి, ఇంజీలు బోధించిన పండితుడు. ఆయన 'ది క్రాస్ అండ్ ది ప్రాడిగల్' 1973లో వెలువడింది. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని తూర్పు దేశాల రైతుల కళ్లతో చదవాలన్నది దాని ఉద్దేశం. ముస్లింలు ఈ గ్రంథాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవడానికి ఒక కారణముంది. ముస్లింలు వేసే ఒక ప్రశ్నను దృష్టిలో పెట్టుకునే బెయిలీ దీన్ని రాశారు. కొడుకు తిరిగి వచ్చాడు, తండ్రి క్షమించాడు. మధ్యవర్తి లేడు, శిలువ లేదు, రక్తబలి లేదు. మరి క్షమాపణకు శిలువ తప్పనిసరి అని ఎలా అంటారు? ఇదీ ఆ ప్రశ్న. ప్రతిపక్షం వాదనను దాచిపెట్టకుండా గ్రంథం మొదట్లోనే నిలబెట్టిన నిజాయితీని ముందుగా అభినందించాలి.

బెయిలీ చెప్పినదాని సారాంశమిది. తండ్రి బ్రతికుండగానే వాటా అడగడమంటే, నువ్వు ఎప్పుడు చస్తావా అని చూస్తున్నానని చెప్పడమే. ఇలాంటి కోరిక కోరిన కొడుకును మా ఊళ్లో ఎన్నడూ చూడలేదని అరబ్బు గ్రామీణులు ఆయనతో అన్నారు. ఆస్తి తగలేసి, ఆకలికి మాడి, ఆ కొడుకు ఇల్లు చేరాలనుకుంటాడు. తనను కూలివారిలో ఒకడిగా పెట్టుకొమ్మని తండ్రిని అడగాలని దారిలో మాటలు కూర్చుకుంటాడు. కూలి చేసి అప్పు తీర్చుకుందామన్నది అతని లెక్క. కాని తండ్రి అతణ్ణి దూరాన్నే చూసి, అంగీ ఎగదోసుకుని ఊరి నడివీధిలో పరుగెత్తుకొస్తాడు. తూర్పు దేశాల్లో పెద్దమనిషి పరుగెత్తడు, పరుగెత్తడం పరువుతక్కువ. కొడుకు మీద పడవలసిన అవమానాన్ని తండ్రి ఇలా తన మీద వేసుకున్నాడు. ఆ ప్రేమను చూసిన కొడుకు కూలి మాట ఎత్తనే లేదు. ఆ పరుగులోనే శిలువ ఉంది అంటారు బెయిలీ. కూలివాడు కావాలనుకున్నవాడు కుమారుడిగా స్వీకరించబడ్డాడు; ఇదే కృప.

వ్యాఖ్యానం అందంగా ఉంది. పల్లె జీవితం తెలిసిన ఎవరికైనా ఇది మనసుకు తాకుతుంది. అయితే ఇందులో మూడు విషయాలను నింపాదిగా విచారించవలసి ఉంది.

మొదటిది: 'కుమారుడు' అన్న మాట. ఈ విషయంలో మనం క్రైస్తవులకు న్యాయం చేయాలి. విశ్వాసుల గురించి ఈ మాట వాడినప్పుడు వారు జన్మను ఉద్దేశించరు. పౌలు రోమీయులకు, గలతీయులకు రాసిన లేఖల్లో వాడినది దత్తత అనే అర్థమిచ్చే పదం. రోమన్ల చట్టంలో దత్తపుత్రుడు పాత ఇంటి సంబంధం తెంచుకుని కొత్త తండ్రికి సంపూర్ణ వారసుడయ్యేవాడు. ఆ భాషనే పౌలు తీసుకున్నారు. అల్ బీరూనీ (రహ్మ) సుమారు 1030లో పూర్తిచేసిన 'కితాబుల్ హింద్'లో ఈ భాషాభేదాన్ని ఎంతో ఓపికగా వివరించారు. అరబీలో కొడుకు అన్న మాట దాదాపు ఎల్లప్పుడూ పుట్టుకనే సూచిస్తుంది, ఇతర భాషల్లో అది గౌరవానికీ ఆప్యాయతకూ వాడతారు అన్నారాయన. వెయ్యేళ్ల క్రితం మన పండితుడు చూపిన ఈ న్యాయబుద్ధి నేటి మన చర్చల్లో కొరవడుతున్నది.

మరి ఆప్యాయతతోనైనా ఆ మాట అనవచ్చునా? ఈ ప్రశ్న కూడా మనవారికి కొత్త కాదు. హజ్రత్ ఇబ్రాహీం (అలై) అల్లాహ్‌కు ఖలీల్ అయినప్పుడు, దత్తత రూపంలో ఒకరు కుమారుడు ఎందుకు కాకూడదన్న వాదాన్ని హిజ్రీ మూడో శతాబ్దంలోనే అల్ జాహిజ్ క్రైస్తవులకు రాసిన సమాధానంలో చర్చించి తిరస్కరించారు. కాని ఈ విషయంలో తర్కం కంటే స్పష్టమైన సాక్ష్యం సీరత్‌లో ఉంది. అది హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) జీవితం.

జైద్ (రజి) బాల్యంలోనే బానిసగా అమ్ముడుపోయి చివరకు దైవప్రవక్త (స) ఇంటికి చేరారు. కన్నతండ్రి వెతుక్కుంటూ వచ్చి విడిపించి తీసుకుపోతానన్నా ఆయన వెళ్లలేదు. ప్రవక్త (స) వద్దనే ఉంటానన్నారు. అప్పుడు ప్రవక్త (స) ఆయన్ని కుమారుడిగా ప్రకటించారు. లోకం 'జైద్ బిన్ ముహమ్మద్' అని పిలిచింది. తరువాత అల్ అహ్‌జాబ్ సూరాలో ఆజ్ఞ వచ్చింది: దత్తపుత్రుల్ని వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవండని. ఆయన మళ్లీ 'జైద్ బిన్ హారిసా' అయ్యారు. మరి పేరు పోయినప్పుడు ప్రేమ కూడా పోయిందా? సహాబాలందరిలో దివ్య ఖుర్ఆన్ పేరు పెట్టి ప్రస్తావించినది ఆయన ఒక్కరినే. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధానికి మొదటి సేనానిగా ప్రవక్త (స) నియమించినదీ ఆయననే; అక్కడే ఆయన షహీద్ అయ్యారు. ఆయన కుమారుడు ఉసామా (రజి)ను ప్రజలు 'దైవప్రవక్త ప్రియతముడు' అనే పిలిచేవారు. అంటే ఇస్లాం తీసివేసినది వాస్తవం కాని వంశనామాన్ని మాత్రమే, ప్రేమను కాదు. ప్రేమ నిలవడానికి అబద్ధపు బంధుత్వం అవసరం లేదని జైద్ (రజి) జీవితం చెబుతున్నది. మనిషికీ మనిషికీ మధ్యనే ఇలా ఉంటే, సృష్టికర్తకూ సృష్టికీ మధ్య మాటేమిటి?

రెండవది: దాసుడు, కూలివాడు ఒకరేనా? బెయిలీ వాదనలో మనకు ప్రధానంగా కనిపించే లోపం ఇక్కడుంది. ఉపమానంలో చిన్నవాడు కూలివాడు కావాలనుకుంటాడు. పెద్దవాడు ఇన్నేళ్లు చాకిరీ చేశానని తండ్రికి లెక్క చెబుతాడు. ఇద్దరూ తండ్రి దగ్గర తమకో లెక్క ఉందనే అనుకున్నారు. బెయిలీ ఈ ధోరణిని ఖండించడం సబబే. కాని ఇది దాస్యం కాదు, బేరం. కూలివాడికి సొంత ఇల్లుంది, సొంత రెక్కలున్నాయి, పొద్దు గుంకితే యజమానితో పని లేదు. 'అబ్ద్'కు తనదంటూ ఏమీ లేదు. అతని ఊపిరి కూడా యజమాని ఇచ్చినదే. అలాంటివాడు ఏ పని చూపించి లెక్క అడుగుతాడు?

దివ్య ఖుర్ఆన్ కర్మలకు 'అజ్ర్', అంటే కూలి, అన్న మాట వాడిందని ఎవరైనా ఆక్షేపించవచ్చు. నిజమే, వాడింది. కాని ఏమీ లేనివాడికి తానే శక్తినిచ్చి, ఆ శక్తితో చేసిన పనికి తానే ప్రతిఫలం వాగ్దానం చేయడం యజమాని ఔదార్యమే గాని దాసుని హక్కు కాదు. ఎవరి కర్మలూ వారిని స్వర్గానికి చేర్చలేవని ప్రవక్త (స) అన్నప్పుడు, మీ సంగతి కూడా అంతేనా అని సహాబాలు అడిగారు. అల్లాహ్ తన కారుణ్యంతో కప్పివేస్తే తప్ప తన సంగతీ అంతేనని ఆయన చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ హదీసును చదివినవారెవరూ ఇస్లాంలో కృపకు తావు లేదనలేరు. అందుకే మన ధర్మంలో దాసుడన్నది అతి గొప్ప బిరుదు. మేరాజ్ రాత్రి ప్రస్తావనలో అల్లాహ్ తన ప్రవక్తను దాసుడనే పేర్కొన్నాడు. హజ్రత్ ఈసా (అలై) ఉయ్యాలలో పలికిన మొదటి మాట కూడా తాను అల్లాహ్ దాసుణ్ణనే.

మూడవది: తండ్రి పరుగు. ఇక్కడ మనం ఒక విషయం ఆనందంగా చెప్పాలి. ఆ పరుగు ముస్లింలకు తెలియనిది కాదు. దాసుడు జానెడు దగ్గరైతే తాను మూరెడు దగ్గరవుతానని, అతడు నడిచి వస్తే తాను పరుగున వస్తానని అల్లాహ్ సెలవిచ్చినట్లు హదీసె ఖుద్సీలో ఉంది. దాని స్వరూపం ఎట్టిదని మనం అడగము. అర్థం మాత్రం గుండెకు అందుతుంది. ఎడారిలో ఆహారం, నీళ్లతో సహా ఒంటె తప్పిపోయి, చావుకు సిద్ధపడినవాడికి అది తిరిగి కనిపిస్తే ఎంత సంతోషమో, దాసుని తౌబాకు అల్లాహ్ అంతకన్నా ఎక్కువ సంతోషిస్తాడని మరొక హదీసు. తప్పిపోయినది దొరికిన సంతోషం రెండు చోట్లా ఒకటే.

అయితే బెయిలీ ఆ పరుగును శిలువగా మార్చినప్పుడు ఆయన వాదం ఆయనకే అడ్డు వస్తున్నది. తండ్రి అవమానం భరించాడు, నిజమే. కాని ఆ అవమానం ప్రేమ వల్ల కలిగిన ఫలితం. క్షమించడానికి ముందు చెల్లించవలసిన మూల్యం కాదు. కొడుకు దూరాన ఉండగానే తండ్రి గుండెలో క్షమాపణ పూర్తయింది. పరుగు దాని తరువాత వచ్చినది. ప్రేమకు కష్టం తప్పదని బెయిలీ చక్కగా నిరూపించారు. ఒకరి పాపానికి మరొకరి రక్తం కావాలని మాత్రం ఈ కథ నుంచి నిరూపించలేకపోయారు. మన ప్రశ్న ఉన్నచోటే ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన సంఘటన ఒకటి ఈ సందర్భంలో గుర్తుకు వస్తున్నది. ఖైదీల మధ్య ఒక స్త్రీ తన పసిబిడ్డ కోసం వెతుక్కుంటూ, దొరకగానే ఎదకు హత్తుకుని పాలిచ్చింది. ఈమె తన బిడ్డను నిప్పులో వేస్తుందా అని ప్రవక్త (స) అడిగారు. వేయదన్నారు సహాబాలు. ఈ తల్లికి బిడ్డ మీద ఉన్న కనికరం కన్నా అల్లాహ్‌కు తన దాసుల మీద ఉన్న కనికరం ఎక్కువని ఆయన చెప్పారు. గమనించండి: పోలిక తల్లీబిడ్డలది, పేరు దాసులది. తల్లి ప్రేమ కొలతబద్ద మాత్రమే; అల్లాహ్ కారుణ్యం దాన్ని మించినది. మించినదానికి చిన్నదాని పేరు పెట్టనక్కరలేదు.

ఇక అల్ మాయిదా సూరా 18వ ఆయతు సంగతి. తాము అల్లాహ్ కుమారులమని, ఆయనకు ప్రియమైనవారమని యూదులు, క్రైస్తవులు చెప్పుకోవడాన్ని అది ప్రస్తావించి, అలాగైతే మీ పాపాలకు ఆయన మిమ్మల్నెందుకు శిక్షిస్తున్నాడని నిలదీస్తుంది. మీరూ ఆయన సృష్టించిన మనుషులేనని గుర్తుచేస్తుంది. ఖండించినది ప్రేమను కాదు, ప్రేమ పేరిట కోరుకునే మినహాయింపును. క్రైస్తవులలోనూ వివేకవంతులు ఈ ప్రమాదాన్ని గుర్తించారు. హిట్లర్ పాలనలో 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడిన జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ 1937లోనే, విధేయత కోరని చవకబారు కృపను తీవ్రంగా విమర్శించారు.

మనకు ఈ రోగం లేదా? ప్రవక్త (స) ఉమ్మత్‌లో పుట్టాం గనుక చివరకు గట్టెక్కుతామని నమాజు మానినవాడు కూడా ధీమాగా అనడం మనం వినడం లేదా? పరలోక ఫలితం మీ కోరికల ప్రకారమూ ఉండదు, గ్రంథప్రజల కోరికల ప్రకారమూ ఉండదని అన్నిసా సూరా ముందు మనల్నే హెచ్చరించింది.

మరొక మాట చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెలుంపిల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరి వెలుపల ఉంచబడిన మాదిగలు. బావి దగ్గరకు రానివ్వని లోకంలో, నువ్వు దేవుని బిడ్డవు అన్న మాట వారి చెవిన పడ్డది. ఆ మాటలోని పదాన్ని మనం విమర్శించవచ్చు. కాని ఆ మాట తీర్చిన దాహం నిజమైనది. మానవులంతా ఒకే స్త్రీపురుషుల సంతానమని, అల్లాహ్ వద్ద గౌరవానికి కొలత భయభక్తులేనని చాటే అల్ హుజురాత్ సూరా మన చేతిలో ఉంది. దాన్ని ఆ గూడేలకు మనం చేర్చామా? మనలోనే దూదేకుల సోదరులతో వియ్యానికి వెనుకాడేవారు లేరా? ఈ ప్రశ్నలకు జవాబు బెయిలీ చెప్పనక్కరలేదు, మనమే చెప్పాలి.

బెయిలీ గ్రంథం చదవదగినదే. విభేదిస్తూ చదివినా, తండ్రి పరుగును ఆయన చిత్రించిన తీరు హదీసె ఖుద్సీని మళ్లీ కొత్తగా వినేలా చేస్తుంది. మా దేవుడు మమ్మల్ని ప్రేమిస్తాడా అన్న ప్రశ్నకు మన జవాబు అవును. ఆయన 'వదూద్', అమితంగా ప్రేమించేవాడు. ఆ ప్రేమను అందుకోవడానికి మనం మరొకరం కానక్కరలేదు. ఆయన దాసులమై ఉంటే చాలు. కాని ఆ జవాబును అడిగినవారు మన మాటల్లో కంటే మన నడతలో వెతుకుతారన్నది మరువరాదు. తన వైపు నడిచి వచ్చేవారిలో అల్లాహ్ మనల్ని చేర్చుగాక! ఆమీన్.