రెండంకెల జాతకం

ఖరీదైన మదర్‌బోర్డుల మీద ఒక మూల, మెమరీ స్లాట్ల పక్కన, పాత కాలిక్యులేటర్ అంకెల్లాంటి బుల్లి తెర ఒకటి ఉంటుంది. కంప్యూటర్ లేచేటప్పుడు అందులో రెండేసి అక్షరాలు చకచకా మారిపోతుంటాయి. అంతా సవ్యంగా ఉన్న రోజున దాని వంక ఎవరూ చూడరు. మానిటర్ నల్లగా ఉండిపోయిన రోజున మాత్రం యజమాని కేస్ ముందు గొంతుక్కూర్చుని, పెళ్లి ముహూర్తం కోసం పంతులుగారి పంచాంగం వంక చూసినట్టు, ఆ రెండంకెల వంకే చూస్తాడు.

ఆసుస్ కంపెనీ వాళ్ల ఆర్‌ఓజీ కుటుంబంలో ‘హీరో’ అనే పేరున్న రెండు బోర్డులను ఆ బుల్లి తెర వైపు నుంచి పక్కపక్కన పెట్టి చూడబోతున్నాను. ఒకటి మాక్సిమస్ జెడ్690 హీరో. 2021 నవంబరులో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లతో పాటు వచ్చింది, అమెరికాలో తొలి ధర దాదాపు 600 డాలర్లు. రెండోది క్రాస్‌హెయిర్ ఎక్స్670ఇ హీరో. 2022లో ఏఎండీ వారి ఏఎం5 సాకెట్‌తో వచ్చింది, దాదాపు 700 డాలర్లు. 2006లో మొదలైన ఈ కుటుంబంలో ఇంటెల్ బోర్డులకు మాక్సిమస్ అనీ, ఏఎండీ బోర్డులకు క్రాస్‌హెయిర్ అనీ పేరు పెట్టడం ఆనవాయితీ. ఏడాది తేడాతో విడుదలైన ఇద్దరు హీరోలు. ఇద్దరి సినిమాలోనూ పొగ వచ్చింది. వచ్చిన తీరు మాత్రం వేరు, నా లెక్కలో తప్పు బరువు కూడా వేరు.

సామగ్రి సంగతి త్వరగా ముగిస్తాను. రెండింటికీ డీడీఆర్5 మెమరీ, వైఫై 6ఇ, 2.5 గిగాబిట్ నెట్‌వర్క్, అదనపు కార్డుతో కలిపి అయిదు ఎం.2 స్లాట్లు. జెడ్690కి రెండు థండర్‌బోల్ట్ 4 పోర్టులుంటే, ఎక్స్670ఇకి రెండు యూఎస్‌బీ4 పోర్టులున్నాయి. వాడినవాళ్లు ఏ మొహమాటం లేకుండా మెచ్చుకునేది వీటిలో దేన్నీ కాదు, ఒక చిన్న మీటను. ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు బిగించాక దాని కింద వేలు దూరదు. మునుపు స్క్రూడ్రైవర్ మొనతో పొడుస్తూ, ఎక్కడ జారి బోర్డు మీద గీత పడుతుందోనని భయపడుతూ తీసేవాళ్లం. ఇప్పుడు బోర్డు అంచున ఉన్న మీట నొక్కితే కొక్కెం ఊడుతుంది. ఇంత చిన్న సౌకర్యానికి ఇంత ఆనందమా అనుకునేవాళ్లు ఎప్పుడూ కార్డు తీయలేదన్నమాట.

అందరూ తిట్టుకునేదీ ఒకటుంది. కొత్తగా విండోస్ వేయగానే ‘ఆర్మరీ క్రేట్ దించుకుంటారా’ అని, కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ కోసం, బోర్డే అడుగుతుంది. పిలవని పేరంటం. బయోస్‌లోకి వెళ్లి ఆపుకోవచ్చు, కానీ ఆపాల్సిన పని మనదేమిటి?

అసలు ఆటలు వేగంగా ఆడటానికే ఇంత డబ్బు పోస్తున్నామనుకునేవాళ్లకు ఒక మాట. ఎక్స్670ఇ హీరో మీది అదే ప్రాసెసర్, అదే గ్రాఫిక్స్ కార్డు, అదే మెమరీ తీసుకెళ్లి 220 డాలర్ల చుట్టుపక్కల వచ్చిన ఎంఎస్ఐ మాగ్ బీ650 టొమాహాక్ మీద పెట్టినా ఆటలో ఫ్రేముల లెక్క దాదాపు అంతే వస్తుంది. నా బల్ల కింద ఉన్నది అదే కాబట్టి ఈ మాటలో కొంత స్వపక్షం ఉందని ఒప్పుకుంటాను. ప్రాసెసర్‌కు కరెంటు సర్దే ఫేజుల లెక్కలో జెడ్690 హీరోది 20+1, ఎక్స్670ఇ హీరోది 18+2. ఇంటెల్ వైపు ఆ ఆర్భాటానికి కొంత అర్థముంది. ఐ9-12900కె పూర్తి బరువు మోసేటప్పుడు 241 వాట్ల దాకా లాగుతుంది. ఏఎండీ వైపు ఆటగాళ్లు ఎగబడి కొన్న రైజెన్ 7 7800ఎక్స్3డీ ఆటల్లో 100 వాట్లు కూడా తాగదు. దానికి ఆ 18 ఫేజులు మేకపిల్ల మీద ఏనుగు అంబారీ.

మరి ఆ అదనపు డబ్బు దేనికి? బుల్లి తెర దగ్గరికి వెనక్కి వెళదాం. టొమాహాక్ మీద నాలుగు చిన్న దీపాలుంటాయి: ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్, బూట్. ఏది వెలిగి ఆగితే అక్కడ జబ్బు. హీరోల మీద ఆ దీపాలూ ఉంటాయి, వాటికి తోడు రెండంకెల కోడూ ఉంటుంది. అంటే పై డబ్బులో ఒక వాటా రోగ నిర్ధారణకు కట్టే ఫీజు. ఆ లెక్కన ఖరీదైన బోర్డును చెడిన రోజున అంచనా వేయాలి. ఇద్దరు హీరోలూ చెడిన రోజులు మనకు బాగా నమోదై ఉన్నాయి.

మొదటి హీరో ముందు. 2021 డిసెంబరులో జెడ్690 హీరో కొన్న కొందరు ఒకే రకం ఫొటోలు పెట్టడం మొదలుపెట్టారు. బుల్లి తెర మీద 53. కాసేపటికి, సరిగ్గా ఆ తెర పక్కనే, మెమరీ స్లాట్ల దగ్గర కరెంటును అదుపు చేసే రెండు మాస్‌ఫెట్ల నుంచి పొగ, మంట. 53 అంటే మాన్యువల్ ప్రకారం మెమరీ మేల్కొనలేదని. అది చదివిన మనిషి ఏం చేస్తాడు? మెమరీ కడ్డీలు తీసి, తుడిచి, స్లాటు మార్చి పెడతాడు. డీడీఆర్5 అప్పుడే వచ్చిన రోజులు, దొరకడమే గగనం. ఆ బంగారం లాంటి కడ్డీలదే దోషమనుకుని మళ్లీ మళ్లీ స్విచ్ వేసినకొద్దీ అసలు దోషి వేడెక్కింది. జాతకం అబద్ధం చెప్పలేదు. మెమరీ నిజంగానే లేవలేదు. ఎందుకు లేవలేదో దానికి తెలియదు, అంతే.

దోషి ఒక కెపాసిటర్. మెమరీకి కరెంటు పంపే చోట దాన్ని తలకిందులుగా బిగించారు. ఈ రకం కెపాసిటర్‌కు ప్లస్, మైనస్ ఉంటాయి. ఎదురు తిప్పి పెడితే కొంతసేపటికి లోపల చెడి, కరెంటుకు అడ్డదారి ఇస్తుంది. ఆ వరద పక్కనున్న మాస్‌ఫెట్ల మీద పడుతుంది. దీన్ని బయటపెట్టిన తీరు నాకు భలే నచ్చింది. యూట్యూబ్‌లో బిల్డ్‌జాయిడ్ పేరుతో బోర్డుల కరెంటు దారులు విప్పి చెప్పే ఆయన, కాలిన బోర్డుల ఫొటోలనూ సమీక్షకుల దగ్గరున్న మంచి బోర్డుల ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూశారు. కెపాసిటర్ నెత్తిన అచ్చువేసిన అక్షరాలు ఒకదానిలో నిటారుగా, రెండోదానిలో తలకిందులుగా ఉన్నాయి. పరికరం లేదు, ప్రయోగశాల లేదు. తులనాత్మక విమర్శ అంటే ఇంతకంటే ఏం కావాలి!

కంపెనీ ఆ నెలాఖరులోపే ఒప్పుకుంది. ఒకానొక ఉత్పత్తి లైనులో కెపాసిటర్ తిరగబడిందని చెప్పి, ఏ సీరియల్ నంబర్ల బోర్డులో గుర్తుపట్టే దారి చూపి, మార్చి ఇస్తామంది. 2022లో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ద్వారా అధికారిక రీకాల్ కూడా జరిగింది, సుమారు 10,000 బోర్డులకు. 600 డాలర్లు తీసుకుని కెపాసిటర్ తిప్పి పెట్టడం సిగ్గుచేటే. కానీ ఇది చేతి తప్పు. దానికి ఎల్లలున్నాయి: ఒక లైను, కొన్ని నెలలు, కొన్ని నంబర్లు. మీ బోర్డు ఆ జాబితాలో లేకపోతే మీరు హాయిగా నిద్రపోవచ్చు. ఉంటే కొత్తది వస్తుంది.

రెండో హీరో తప్పుకు ఇలాంటి ఎల్లలు లేవు. 7800ఎక్స్3డీ 2023 ఏప్రిల్ 6న వచ్చింది. నెల తిరక్కుండానే దాని అడుగున కాలి ఉబ్బిన మచ్చ, సాకెట్‌లో దానికి సరిగ్గా ఎదురుగా మాడిన పిన్నులు ఉన్న ఫొటోలు బయటికొచ్చాయి. న్యాయం కోసం చెప్పాలి: తొలినాటి ఫొటోల్లో ప్రసిద్ధమైనది ఈ హీరోది కాదు, అదే ఇంటి తమ్ముడు స్ట్రిక్స్ ఎక్స్670ఇ బోర్డుది. ఇతర కంపెనీల బోర్డుల మీదా కొన్ని కాలాయి. కానీ ఇంట్లో వంట ఒకటే. వోల్టేజీ ఎంత వడ్డించాలో చెప్పే బయోస్ పద్ధతి హీరోలోనూ అదే.

అసలు జరిగిందేమిటి? డీడీఆర్5 మెమరీని పెట్టె మీద రాసిన వేగంతో నడపాలంటే బయోస్‌లో ఎక్స్‌పో అనే మీట వేయాలి. కొన్న ప్రతివాడూ వేసే మీట అది. వేయకపోతే కొన్న వేగం రాదు. అది వేయగానే బోర్డు తనంతట తాను మెమరీ కంట్రోలర్‌కు వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీని పెంచుతుంది. ఎక్కువ ఇస్తే ఏ మెమరీ కడ్డీ అయినా నిలకడగా నడుస్తుంది, ‘ఈ బోర్డు మీద నా మెమరీ నడవట్లేదు’ అనే ఫిర్యాదు రాదు, సమీక్షల్లో మంచి పేరు వస్తుంది. అందుకని 1.35 వోల్టులు, ఒక్కోచోట అంతకు పైన. పైగా విడిగా కొలిచి చూసినవాళ్లకు, బయోస్‌లో కనిపించే అంకె కంటే బోర్డు మీద నిజంగా ఉన్న అంకె ఎక్కువగా తేలింది. ఏప్రిల్ నెలాఖరుకు ఏఎండీ రంగంలోకి దిగి ఎస్ఓసీ వోల్టేజీ 1.3 దాటకూడదని బోర్డులన్నిటికీ గీత గీసింది. ఆ గీత మొదటే గీసి ఉండాల్సిందనే నింద ఏఎండీ మీద కూడా ఉంది.

ఈసారి బుల్లి తెర మీద 00. మాన్యువల్‌లో 00కి అర్థమే రాసిలేదు, ‘వాడుకలో లేదు’ అని ఉంటుంది. చనిపోయిన ప్రాసెసర్ ఏ కోడూ పంపదు కాబట్టి తెర తన సున్నాల దగ్గరే ఆగిపోతుంది. వాడేవాళ్లు మాత్రం ఆ రెండు సున్నాలను మరణవార్తగా చదవడం నేర్చుకున్నారు. 53 తప్పు దారి పట్టించింది, 00 అసలు ఏమీ చెప్పలేదు. రోగ నిర్ధారణ ఫీజు కట్టించుకున్న వైద్యుల తీరు రెండు సందర్భాల్లోనూ ఇదీ.

ఇంకో చిక్కు ఉంది. ఏఎం5 బోర్డు ఏదైనా మొదటిసారి లేచేటప్పుడు మెమరీకి తర్ఫీదు ఇస్తుంది. నల్లటి తెర, తిరిగే ఫ్యాన్లు, నిమిషాల తరబడి నిశ్శబ్దం. నాలుగు కడ్డీలు పెడితే ఇంకా ఆలస్యం. ఏమీ కాకపోయినా కొంప మునిగిందని స్విచ్ ఆపేసినవాళ్లు ఎందరో. ఇక్కడ మాత్రం హీరో మీది తెర విలువైనదే. అందులో 15 అనే అంకె నిలబడి ఉంటే, తర్ఫీదు నడుస్తోంది, టీ తాగి రావచ్చని తెలుసుకున్నారు. టొమాహాక్ మీద మెమరీ దీపం ఒక్కటే వెలిగి ఉంటుంది. అది చదువుకుంటోందా చచ్చిపోయిందా అన్నది ఎవరి ధైర్యాన్ని బట్టి వారికి.

ఇద్దరు హీరోల మధ్య నా తీర్పు తేలేది మంట తర్వాతి ఘట్టంలో. మొదటి హీరో విషయంలో కంపెనీ నంబర్లు చెప్పి, బోర్డు మార్చింది. రెండోసారి వోల్టేజీ తగ్గించే కొత్త బయోస్ పెడుతూ, ఇది బీటా, వాడితే వారంటీకి హామీ లేదన్న హెచ్చరికను దాని పక్కనే పెట్టింది. పాత బయోస్‌తో ఉంటే ప్రాసెసర్ కాలవచ్చు. కొత్తది వేసుకుంటే వారంటీ పోవచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. గేమర్స్ నెక్సస్ అనే యూట్యూబ్ సంస్థ దీన్ని ఉతికి ఆరేశాక, మే నెల మధ్యలో కంపెనీ దిగివచ్చి, బీటా బయోస్‌లూ ఎక్స్‌పో వాడకమూ కూడా వారంటీలోకే వస్తాయని ప్రకటించింది. దిగిరావడం మంచిదే. కానీ ఆ మధ్య వారాల్లో 700 డాలర్లు పెట్టిన మనిషి తన బోర్డు తయారీదారుకు తాను కొనుగోలుదారా, ప్రతివాదా అని అనుకుని ఉంటాడు. తిరగబడ్డ కెపాసిటర్‌ను క్షమించగలను. ఆ హెచ్చరిక రాసిన చేతిని అంత తేలిగ్గా క్షమించలేను.

మొదటి హీరో వైపున్నవాళ్లకు నా తీర్పు మీద ఒక అభ్యంతరం ఉండొచ్చు. ఇంటెల్ బోర్డుల మీదా వడ్డన మితిమీరింది కదా, 13, 14 తరాల ప్రాసెసర్లకు కరెంటు పరిమితినే ఎత్తేసి 4096 వాట్లని రాసిపెట్టారు కదా అని. నిజమే, 2024లో ఆ ప్రాసెసర్లు తడబడినప్పుడు వేళ్లన్నీ మొదట బోర్డుల వైపే చూపాయి. చివరకు ఇంటెల్ తన మైక్రోకోడే ఎక్కువ వోల్టేజీ అడుగుతోందని ఒప్పుకుని, ఆగస్టులో సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ నేరం ప్రధానంగా ప్రాసెసర్‌దే. జెడ్690 హీరోని సాక్షుల వరసలో నిలబెట్టవచ్చు, బోనులో కాదు.

ఆయుష్షు విషయంలో రెండో హీరోదే పైచేయి. జెడ్690 సాకెట్ 14వ తరంతో ముగిసింది. ఎక్స్670ఇ మీద బయోస్ మార్చుకుని 2024 నాటి రైజెన్ 9000 ప్రాసెసర్లు పెట్టుకుంటున్నారు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్ రెండింటికీ ఉంది. దాని అవసరం మాత్రం రెండో దానికే ఎక్కువ పడింది.

సికింద్రాబాద్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు, జనం నోట్లో సీటీసీకి, వెళ్లి బోర్డు కొంటే, తెలిసిన దుకాణంలో కుర్రాడు ముందు మూత తీసి, ఫోన్ లైటు వేసి, సాకెట్ పిన్నులు మీకే చూపిస్తాడు. తర్వాత వంగితే అది మీ లెక్క. కొత్త బోర్డుకు ఆ లైటు చాలు. పాతవి చేతులు మారే చోట ఇద్దరు హీరోలకూ వేర్వేరు పరీక్షలు కావాలి. జెడ్690 హీరో అయితే బుల్లి తెర పక్కనున్న కెపాసిటర్ నెత్తిని దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. అక్షరాలు ఎటు తిరిగి ఉన్నాయో, సీరియల్ నంబర్ ఎలా మొదలవుతుందో చూసుకోండి. ఎక్స్670ఇ హీరోకి ఫొటో ఒక్కటే సరిపోదు. బయోస్ తేదీ అడగాలి, 2023 వేసవికి ముందు దాని మీద ఏ ప్రాసెసర్ నడిచిందో అడగాలి, ఆ ప్రాసెసర్ ఇప్పుడెక్కడుందో కూడా అడగాలి.