గ్రంథసూచుల విలీనం: సిరోంచ పాఠం

సిరోంచ మీద పనిచేసే విద్యార్థికి ఆధారాలు ఒకచోట దొరకవు. కొన్ని నాగపూరులో, కొన్ని సంగమం దాటి కాళేశ్వరం మీదుగా హైదరాబాదులో. రెండుచోట్లా సేకరించిన పట్టికలను జొటెరోలో కలిపాక పునరుక్తులు ఏరివేయక తప్పదు. ఆ ఏరివేతను యంత్రం తీర్పుకే వదిలేయడం మీదనే నా అభ్యంతరం.

గ్రియర్సన్ భాషా సర్వేక్షణాన్నే తీసుకుందాం. తెలుగు ఉన్నది ముండా, ద్రావిడ భాషల 4వ సంపుటంలో. అది 1906 నాటిది. మరాఠీకి కేటాయించిన 7వ సంపుటం 1905లో వచ్చింది. సిరోంచ భాషా పరిస్థితి తెలియాలంటే రెండూ కావాలి. అయితే పట్టిక రాసేవారిలో చాలామంది శీర్షిక గడిలో సర్వేక్షణం పేరొక్కటే వేసి, సంపుటం సంఖ్యను వేరే గడిలో పెడతారు. జొటెరో చూసేది శీర్షిక, ఐ.ఎస్.బి.ఎన్., డి.ఓ.ఐ. సంఖ్యలు, ఆపైన ప్రచురణ సంవత్సరాల మధ్య తేడా ఒక ఏడాదికి మించకుండా ఉందా, కర్త పేరు కలుస్తోందా అన్నది. ఆనాటి పుస్తకాలకు ఆ సంఖ్యలు లేవు. మిగిలినవన్నీ కలుస్తాయి. మీట నొక్కితే తెలుగు సంపుటం మరాఠీ సంపుటంలో లీనమైపోతుంది. (సరిహద్దు తెలుగువారికి ఇదేమీ కొత్త అనుభవం కాదనుకోండి!) డి.ఓ.ఐ. ఉన్న నేటి వ్యాసాలకు ఈ సూత్రం చక్కగానే పనిచేస్తుంది. పాత సంపుటాల దగ్గరే చిక్కు.

దీనికి తలకిందుల పరిస్థితీ ఉంది. అదే 4వ సంపుటాన్ని ఒక ఫైలులో తెలుగు లిపిలో, మరొక ఫైలులో నాగరిలో రాసి ఉంటే యంత్రానికి అవి రెండు పుస్తకాలు.

గెజిటీర్ల విషయంలో తప్పు చేసేది మనిషే. 1909 నాటిది చాందా జిల్లా గెజిటీరు. 1973లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన సవరించిన కూర్పు చంద్రపూర్ పేరుతో ఉంది. పేరూ ఏడూ వేరు కనుక యంత్రం వీటి జోలికి పోదు. 'పాతదీ కొత్తదీ ఒకటేగా' అని మనమే కలిపేస్తాం. మొదటిది వెలువడినప్పుడు సిరోంచ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది; 1956లో బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. రెండు గెజిటీర్లు రెండు పాలనల సాక్ష్యాలు. గడ్చిరోలి జిల్లా ఏర్పడింది 1982లో. ఆ పేరుతో శీర్షికలు వెతికితే రెండూ తేలవు. రెండింటికీ ఆ పేరును ట్యాగుగా తగిలించడం మేలు.

కలపడానికి ముందు రెండు ఫైళ్ళ ప్రతులనూ విడిగా దాచాలి. శీర్షికలోనే సంపుటం పేరు చేర్చాలి. చాలా తప్పులు అక్కడే ఆగుతాయి. నిజమైన పునరుక్తి అయితే చేత్తో తుడిచేయకుండా విలీనమే చేయాలి. సిద్ధాంత గ్రంథంలో ఇదివరకే వాడిన ఉల్లేఖనకు లంకె తెగకుండా ఉండేది విలీనంలోనే. పొరపాటున కలిసిన సంపుటాన్ని చెత్తబుట్టలోంచి వెనక్కి తీయవచ్చు. కాని దాని కింద మీరు రాసుకున్న గమనికలు వెంటరావు. అవి రెండో సంపుటం దగ్గరే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా చదివి, ఏది తెలుగుదో ఏది మరాఠీదో మీరే విడదీసుకోవాలి.