ఉక్కు మూసలు: వేడిమియు బలమును

దక్కను ఉక్కును గూర్చి వ్రాయువారు సాధారణముగా కత్తిని పొగడి మూసను మఱతురు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున, కర్ణాటకమున చిత్రదుర్గ ప్రాంతపు ఘట్టిహొసహళ్ళిలో, తమిళనాట మేల్ సిరువలూరులో దొరకిన మూస పెంకులు విఱిచి చూచినచో లోపల నల్లగా నుండును. ఆ నలుపు వరి ఊకది. బంకమంటిలో కలిపిన ఊక గాలి తగులక కాలి కర్బనముగాను, సిలికాగాను మిగిలినది. తెలుగున ఊకదంపుడనిన వ్యర్థపు పని. ఇచ్చట మాత్రము పరిశ్రమయంతయు ఊకపై నిలిచినది.

కోనసముద్రపు పనిని వర్ణించిన వాయిసీ వ్యాసము 1832లో బెంగాలు ఏసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. పెంకు లోపలి నిర్మాణము ఆనాటి పరికరములకు అందునది కాదు. 1990 ప్రాంతమున థెల్మా లో, ఆమె సహచరులు దానిని పరీక్షించి, ఇది ముల్లైటు తంతువులచే బలపడిన సంయుక్త పదార్థమనిరి. విలువైన పని. కాని వారు పెట్టిన పేరులో ఊకకు చోటు లేదు. మట్టిలోని ఇనుప ఆక్సైడు వేడికి మట్టిని త్వరగా కరిగించును. ప్రక్కనే కర్బనమున్నచో అది ఆక్సైడులోని ప్రాణవాయువును లాగికొనును. ఇనుము చిన్న పూసలై విడిపోవును. మట్టి మెత్తబడుట ఆలస్యమగును. ఈ ఉపకారమును తంతువులు చేయజాలవు.

ఎంత కాల్చిన అంత గట్టిపడునను నమ్మకము ఇటుకకు కొంతవఱకు చెల్లును, మూసకు చెల్లదు. సుమారు 1000 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన పిమ్మట మట్టిలో ముల్లైటు పుట్టి, వేడి హెచ్చుకొలది సూదులవలె పెరిగి పెంకును బిగించును. దానితోపాటు గాజు పాలును పెరుగును. చల్లారినపుడు ఆ గాజు గట్టిది; మండుచున్న కొలిమిలో అదే జిగురు. కావున త్రవ్వకమున దొరకిన చల్లని పెంకు బలమును కొలిచి, కొలిమిలోని మూస బలమదియే యనుట పొరపాటు. నూటికి ఒకటిన్నర పాళ్ల కర్బనము గల ఉక్కు పూర్తిగా కరగుటకు 1400 డిగ్రీలకు మించిన వేడి కావలెను. సుమారు 1500 దాటినచో కర్బనమును సిలికాయు ఒకదానినొకటి తినుట మొదలై, వాయువు వెలువడి, పెంకు గుల్లయగును. పనివానికి మిగిలిన సందు నూఱు డిగ్రీలకు లోపలనే. ఉష్ణమాపకము లేదు, చేతనున్నవి తిత్తులు.

పెంకు వెలుపలి పొర కరగి గాజుపూత యగుటను లోపమని తలపరాదు. గాలి సోకినచో 500 డిగ్రీల ప్రాంతముననే కర్బనము మండిపోవును. ఆ పూత రంధ్రములను మూసినందుననే చాలవఱకు లోపలి నలుపు నేటికిని నిలిచియున్నది.